గోంగూర పూల వాసన, నియామేలో ఒక ప్రధానమంత్రి

మొన్న మా కోడలు ఆన్‌లైన్లో ఏదో హెర్బల్ టీ తెప్పించింది. ఎండబెట్టిన ఎర్రటి రేకులు. వాటిని గిన్నెలో వేసి మరిగిస్తుంటే, హాల్లో పేపర్ చదువుకుంటున్న నాకు ఆ వాసన తగిలింది. పుల్లగా, కాస్త మట్టి కలిసినట్టు ఉంది. పైన నాలుగు పుదీనా ఆకులు కూడా వేసినట్టుంది. ఇక కూర్చోలేక వంటింట్లోకి వెళ్ళాను.

"ఇది బిసాప్ కదమ్మా!" అన్నాను.

"డబ్బా మీద మందారం టీ అని ఉంది మామయ్యా" అంది.

మందారం కాదు, మన ఎర్ర గోంగూరే. కాయ చుట్టూ మందంగా ఉండే ఎర్ర రేకులు అవి. మనం ఆకు కోసుకుని వాటిని వదిలేస్తాం. పశ్చిమాఫ్రికా వాళ్ళు ఆకూ తింటారు, రేకులు మరిగించి చక్కెర వేసి చల్లార్చుకుని తాగుతారు. నైజర్ రాజధాని నియామేలో ఉన్న మూడేళ్ళూ మా ఇంటి ఫ్రిజ్‌లో ఆ ఎర్ర సీసా లేని రోజు లేదు.

గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చుని, ఫోన్లో ఒక పేరు వెతికాను. అమాదు షేఫూ. ఆయన విమానయానం మనిషి. ఒక దేశానికి ఏడాదిన్నర పాటు ప్రధానమంత్రిగా చేసి, మళ్ళీ విమానాల పనికే వెళ్ళిపోయిన మనిషి. నాకు ఆయనతో ముఖపరిచయం కూడా లేదు. ఆయన ప్రధానిగా ఉన్న రోజుల్లో నేను ఆ ఊళ్ళో ఉన్నాను, అంతే. కానీ నా ఉద్యోగ జీవితంలో నేను నేర్చుకున్న ఒక పాఠం ఆయన్ని చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

* * *

ఆ పాఠం మొదట చెప్పింది బేగంపేట విమానాశ్రయంలో నా సీనియర్ ఒకాయన. నేను కమ్యూనికేషన్స్ విభాగంలో కొత్తగా చేరాను. టెలిప్రింటర్లు టకటకమని కొట్టుకుంటూ ఉండేవి, కాగితం చుట్టలు నేల మీదికి జారిపోతూ ఉండేవి. షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్ రాయాలి. ఏ సెట్ పనిచేస్తోంది, ఏది పాడైంది, ఏ మెసేజ్ ఇంకా వెళ్ళలేదు, అన్నీ. ఒకరోజు నా డ్యూటీ అయిపోయినా, పాడైన రిసీవర్ ఒకటి సగంలో ఉందని నేను లేవకుండా కూర్చున్నాను. ఆయన వచ్చి, "రాసి, సంతకం పెట్టి, కుర్చీ ఖాళీ చెయ్యి నాయనా. వచ్చినవాడు చూసుకుంటాడు. డ్యూటీ తీసుకోవడం ఎవరైనా తీసుకుంటారు, అప్పగించడం తెలియాలి" అన్నారు.

నాకు అప్పుడు కోపం వచ్చింది. పని మధ్యలో వదిలి ఎలా వెళ్తారు అనుకున్నాను.

కొన్నేళ్ళకి ఐక్యరాజ్యసమితి సాంకేతిక సహకారం కింద ఆఫ్రికా వెళ్ళే అవకాశం వచ్చింది. రాత్రిళ్ళు ఫ్రెంచ్ నేర్చుకున్నాను. మా కనిగిరిలో అందరికీ నైజీరియా వెళ్తున్నాడనే తెలుసు. నైజీరియా కాదు, దాని పైన ఉండే నైజర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా నాన్నగారు చివరిదాకా నైజీరియా అనే అన్నారు.

* * *

నియామేలో దిగేసరికి రాత్రి. మెట్ల మీద నిలబడగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. పొద్దున లేచి చూస్తే ఊరంతా ఎర్రమట్టి రంగు, మధ్యలో నైజర్ నది, దాని మీద కెనెడీ వంతెన. ఒంటెలు కూడా కార్లతో పాటు ఆ వంతెన దాటుతుండేవి. మేము వెళ్ళేసరికి ఆ వంతెన దగ్గర విద్యార్థుల మీద కాల్పులు జరిగి ఎక్కువ రోజులు కాలేదు. 1990 ఫిబ్రవరిలో జరిగింది అది. ఆ మాట వచ్చినప్పుడల్లా మా స్టూడెంట్లు గొంతు తగ్గించేవాళ్ళు.

మా ఆవిడకి మొదటి నెల ఏడుపే. తర్వాత ఒకరోజు చిన్న బజారుకి వెళ్ళి వచ్చి, "ఏవండీ, ఇక్కడ సజ్జలు అమ్ముతున్నారు!" అంది. అమ్మడమేంటి, ఆ దేశం బతికేదే సజ్జల మీద. సజ్జపిండి ముద్దలు చేసి పెరుగులో కలుపుకుని తాగుతారు, ఫురా అంటారు. మా కనిగిరిలో మా నాయనమ్మ కలిపే సజ్జ అంబలికి దగ్గరి చుట్టం. బొబ్బర్లు రుబ్బి నూనెలో వేయించిన కొసాయ్ పొద్దున్నే వీధి మొదట్లో వేడివేడిగా దొరికేవి, అచ్చం బొబ్బర గారెలే. ఇక గల్మీ ఉల్లిపాయలు! ఊదారంగులో, తియ్యగా, ఘాటుగా. చుట్టుపక్కల దేశాలన్నిటికీ లారీల్లో వెళ్ళేవి. అలాంటి ఉల్లిపాయ నేను మళ్ళీ ఎక్కడా తినలేదు. గోంగూర ఆకుని హౌసా భాషలో యాకువా అంటారని తెలిసిన రోజు మా ఇంట్లో పండగే.

నేను పాఠాలు చెప్పిన చోటుని అందరూ ఎయామాక్ అనేవారు. ఆఫ్రికా వాతావరణ, పౌర విమానయాన పాఠశాల. 1963 నుంచి ఉంది. ఫ్రెంచ్ మాట్లాడే ఆఫ్రికా దేశాల నుంచి కుర్రాళ్ళు వచ్చి కంట్రోలర్లుగా, వాతావరణ పరిశీలకులుగా, మా లాంటి ఎలక్ట్రానిక్స్ వాళ్ళుగా తయారై వెళ్ళేవారు. దాన్ని నడిపేది అసెక్నా. ఈ అసెక్నా గురించి మన వాళ్ళకి చెప్పాలనిపిస్తుంది. 1959లో సెనెగల్‌లోని సెయింట్ లూయిస్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఒక్కొక్క దేశం విడిగా రాడార్లు, రేడియోలు కొనలేదు కాబట్టి, అందరి ఆకాశం కలిపి ఒకే సంస్థ చూసుకుంటుంది. పైనుంచి వెళ్ళే విమానాల దగ్గర రుసుము వసూలు చేసి ఆ డబ్బుతో అందరికీ పరికరాలు పెడుతుంది. దాని కిందున్న ఆకాశం సుమారు 1.6 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి దాదాపు ఐదింతలు. కింద జెండాలు ఎన్ని మారినా పైన ఆ ఏర్పాటు మాత్రం నిలిచింది. అందుకే నాకు ఆ సంస్థ అంటే ఇప్పటికీ గౌరవం.

అయితే ఆ ఆకాశంలో మాట వినబడటమే కష్టం. సహారా మీద వందల మైళ్ళు ఒక్క స్టేషనూ ఉండేది కాదు. షార్ట్‌వేవ్ సెట్లో గరగరల మధ్య పైలట్ గొంతు వచ్చీ రానట్టు వచ్చేది. అందుకని పైలట్లు 126.9 మెగాహెర్ట్జ్ మీద తమలో తాము చెప్పుకునేవారు: నేను ఫలానా, ఇంత ఎత్తులో ఉన్నాను, ఫలానా చోటు ఇన్ని గంటలకి దాటుతాను అని. చీకట్లో పొలం గట్టు మీద నడిచేవాళ్ళు ఎదురొచ్చే వాళ్ళకి తెలియాలని కేక వేసుకున్నట్టు. రాత్రి డ్యూటీలో కూర్చుని ఆ గొంతులు వినడం నాకు ఇష్టంగా ఉండేది. పారిస్ నుంచి కిందికి, లాగోస్ నుంచి పైకి, ఒకరి తర్వాత ఒకరు.

హర్మటాన్ గాలి మొదలైతే మాకు పని పెరిగేది. డిసెంబరు నుంచి ఎడారి దుమ్ము పొగమంచులా కమ్మేది. రన్‌వే చివర కనబడేది కాదు. కిటికీలు మూసినా దుమ్ము సెట్ల లోపలికి వెళ్ళేది. కార్డులు ఒక్కొక్కటే ఊడదీసి, బ్రష్‌తో దులిపి, స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళం. ఆ స్పిరిట్, దుమ్ము, వేడెక్కిన రాగి కలిసిన వాసన నా చేతులకి అలాగే ఉండిపోయేది.

* * *

1991లో ఊరంతా రేడియో పట్టుకుంది. సైనిక పాలన, ఏకపార్టీ పాలన చాలు, దేశం ఎలా నడవాలో అందరూ కూర్చుని తేల్చుకోవాలని జాతీయ మహాసభ పెట్టారు. దాన్ని సిద్ధం చేసే కమిటీలో ఒక్క మహిళకే చోటిచ్చారని మే 13న ఆడవాళ్ళు వేలాదిగా రోడ్డెక్కారు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి చూసింది. రంగురంగుల పాన్యాలు కట్టుకుని, పిల్లల్ని వీపున కట్టుకుని వెళ్తున్నారు. ఆ తేదీ ఇప్పుడు ఆ దేశంలో మహిళా దినోత్సవం.

మహాసభ జూలై 29న మొదలై మూడు నెలలకి పైగా సాగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు. సభాధ్యక్షుడు చరిత్ర ప్రొఫెసర్ ఆంద్రే సలిఫూ. మొత్తం రేడియోలో వచ్చేది. టైలరు మిషను మీద ట్రాన్సిస్టర్, మాంసం కాల్చేవాడి బల్ల మీద ట్రాన్సిస్టర్, మా గార్డియన్, అంటే ఇంటి కాపలా ముసలాయన చాప మీద ట్రాన్సిస్టర్. ఆయన మూడు దఫాలుగా టీ కాచేవాడు. మొదటిది చేదు, చివరిది తీపి. మూడో గ్లాసు అయ్యేలోపు కూడా ఒక్క ప్రతినిధి ఉపన్యాసం అయ్యేది కాదు. అయినా ఆయన కదిలేవాడు కాదు. తన జీవితంలో పెద్దవాళ్ళని ఇలా బహిరంగంగా నిలదీయడం ఎప్పుడూ వినలేదని చెప్పాడు. చదువు రాని ఆ మనిషి చెవి రేడియోకి ఆనించి, కళ్ళు మూసుకుని వినడం నా కళ్ళకి ఇప్పటికీ కట్టినట్టుంది.

అక్టోబరు చివర్లో తాత్కాలిక ప్రధానమంత్రిని ఎన్నుకున్నారు. పేరు చెప్పగానే మా స్టాఫ్ రూములో ఒక్కసారిగా అరుపులు. "మన వాడు! మన వాడు!" అని బల్లలు చరిచారు. మరాదీ ప్రాంతంలోని కొర్నాకాలో పుట్టిన అమాదు షేఫూ. సెనెగల్ రాజధాని డాకర్‌లోని ఐకావో ప్రాంతీయ కార్యాలయంలో పనిచేసిన మనిషి. ఐకావో అంటే ప్రపంచ విమానాలన్నిటికీ నియమాలు రాసే ఐక్యరాజ్యసమితి సంస్థ. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల మధ్య ఏ దారిలో ఏ ఎత్తులో విమానాలు వెళ్ళాలి, ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీ వాడాలి, ఎవరి పరికరాలు ఎప్పుడు మార్చాలి, ఇలాంటివి దగ్గర కూర్చుని కుదిర్చేది ఆ డాకర్ ఆఫీసే. గొడవపడే దేశాలని కూడా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక కాగితం మీద సంతకం పెట్టించే పని అది.

మాకు గర్వంగా అనిపించింది. సైన్యం నుంచి కాదు, ఏదో రాజకుటుంబం నుంచి కాదు, మా లోకం నుంచి ఒకడు. దేశాధ్యక్షుడు అలీ సైబూ పేరుకే కుర్చీలో ఉన్నాడు, పాలన షేఫూ చేతికి వచ్చింది.

* * *

చేతికి వచ్చింది గానీ ఖజానా ఖాళీ. నైజర్‌కి ఆదాయమంటే యురేనియం, దాని ధర పడిపోయి ఏళ్ళయింది. ఉద్యోగులకి నెలల తరబడి జీతాలు లేవు. మా పక్కింట్లో ఉండే బడి మేష్టారు రోజూ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని బడికి వెళ్ళేవారు, సాయంత్రం మా ఆవిడ దగ్గరికి వాళ్ళమ్మాయి గిన్నెతో వచ్చేది. సజ్జలో, బియ్యమో. అడిగింది లేదు, ఇచ్చానని చెప్పింది లేదు. ఎవరిని కదిపినా "సై హంకూరీ" అనేవారు. హౌసాలో ఆ మాటకి ఓర్చుకోవడం తప్ప దారి లేదని అర్థం.

1992 ఫిబ్రవరి నెలాఖరున మామూలుగా వార్తలు వచ్చే వేళకి రేడియో తేడాగా వినబడింది. జీతాలు అందని సైనికులు తిరగబడి స్టేషన్ పట్టుకున్నారు. సలిఫూని బందీ చేశారు. అందరిలోనూ టెన్షన్, ఇక మళ్ళీ యూనిఫారాల రాజ్యమేనని. మా పిల్లల్ని మంచం పక్కన పడుకోబెట్టుకుని రాత్రంతా మేలుకున్నాం. కానీ జనం ఇళ్ళలో కూర్చోలేదు. యూనియన్లు సమ్మె అన్నాయి, వీధులు నిండిపోయాయి. జీతం రాని మేష్టారు కూడా, ఆ జీతం ఇవ్వలేని ప్రభుత్వం నిలబడాలని వెళ్ళారు. అది నన్ను కదిలించింది. సైనికులు చివరికి బారకాసులకి వెళ్ళారు.

ఆ ఏడాది మధ్యలో షేఫూ ప్రభుత్వం తైవాన్‌తో సంబంధం పెట్టుకుంది. వచ్చిన సాయంతో కొంత జీతాలు ఇచ్చారు. బీజింగ్ సంబంధం తెంచేసుకుంది. ఊళ్ళో దీని మీద పెద్ద వాదనలు. అలా ఒక దేశపు స్నేహాన్ని డబ్బుకి మార్చుకోవడం సరైనదా అని నాకూ అనిపించేది. కానీ గిన్నె పట్టుకుని వచ్చే ఆ పిల్ల ఒక నెల రాలేదు, ఆ నెల వాళ్ళింట్లో జీతం వచ్చింది. అది చూశాక ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేకపోయాను.

ఆయన హయాం అంతా బాగుందని చెప్పను. ఉత్తరాన ఎడారి జాతి తువారెగ్‌ల తిరుగుబాటు ఆగలేదు. అగాదెజ్ వైపు నుంచి వచ్చే స్టూడెంట్లు సెలవులకి ఇంటికి వెళ్ళడానికి భయపడేవారు. జీతాల బకాయిలు పూర్తిగా తీరలేదు. కానీ ఆయనకి అప్పగించిన పని వేరు. రాజ్యాంగం రాయించాలి, ఎన్నికలు పెట్టాలి, దిగిపోవాలి. 1992 డిసెంబరులో రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 1993 ఫిబ్రవరిలో పార్లమెంటు ఎన్నికలు, మార్చి కల్లా అధ్యక్ష ఎన్నికల రెండో దఫా. మా గార్డియన్ ముసలాయన ఓటేసి వచ్చి, సిరా అంటిన వేలు గ్లాసుకి తగలకుండా టీ పోశాడు.

ఆ అధ్యక్ష ఎన్నికల్లో షేఫూ పోటీ చేయలేదు. మహమాన్ ఉస్మాన్ గెలిచారు. ఏప్రిల్ మధ్యలో కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేశారు, కొత్త ప్రధాని వచ్చారు, ఈయన పక్కకి జరిగారు. బయట 43 డిగ్రీల ఎండ. స్టాఫ్ రూములో రేడియో పెట్టుకుని విన్నాం. ఎవరూ బల్లలు చరచలేదు. కంట్రోలర్ల విభాగంలో ఉన్న ఒక పెద్దాయన మాత్రం చేతిలో ఉన్న పెన్నుతో గాలిలో సంతకం చేసినట్టు చేసి చూపించారు. షిఫ్ట్ అప్పగించాడు అని. నాకు ఒక్కసారిగా బేగంపేట, ఆ సగం పాడైన రిసీవర్, మా సీనియర్ గొంతు గుర్తొచ్చాయి. అన్నీ బాగయ్యేదాకా కుర్చీ వదలనని ఆ రోజు నేను మొండికేశాను. దేశం సగంలో ఉండగానే, చెప్పిన రోజుకి, రాయాల్సింది రాసి, సంతకం పెట్టి, ఈయన లేచాడు. ఆ చుట్టుపక్కల దేశాల్లో అప్పటిదాకా ఎంతమంది అలా లేచారు?

* * *

తర్వాత ఆయన మళ్ళీ డాకర్ వెళ్ళారు. ఐకావో ప్రాంతీయ ప్రతినిధిగా ఆయన పేరు 1990ల చివర్లో వచ్చిన మీటింగు కాగితాల మీద చూసేవాడిని. ప్రధానమంత్రిగా చేసిన మనిషి ఫ్రీక్వెన్సీల పట్టికల మీద, స్టేషన్ల మధ్య లైన్ల మీద మళ్ళీ కూర్చుని పనిచేయడం! నేను బేగంపేట ఆఫీసులో ఆ పేరు చూపించి కుర్రాళ్ళకి చెప్తే నమ్మేవారు కాదు.

ఆయన అప్పగించింది మాత్రం నిలవలేదు. 1996 జనవరిలో సైన్యం మళ్ళీ వచ్చింది. అలా వచ్చిన బారె మైనసారా 1999 ఏప్రిల్‌లో నియామే విమానాశ్రయంలోనే సైనికుల కాల్పుల్లో చనిపోయారు. నేను రోజూ నడిచిన తారు మీద. ఆ వార్త చదివిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

తర్వాత షేఫూ పూర్తిగా రాజకీయాల్లోకి వచ్చారు. 2004లో సొంత పార్టీ పెట్టారు, పేరులో గస్కియా అని ఉంటుంది, హౌసాలో సత్యం. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో నాలుగో స్థానంలో వచ్చారు, 6 శాతం పైచిలుకు ఓట్లు. 2011లో గణతంత్ర మధ్యవర్తి పదవి ఇచ్చారు. ప్రభుత్వానికీ జనానికీ మధ్య తగువులు తీర్చే పని. ఓట్లు తక్కువ వచ్చాయని విన్నప్పుడు నాకు బాధేసింది గానీ, ఆ మధ్యవర్తి పదవి ఆయనకి సరిగ్గా సరిపోయిందనిపించింది. డాకర్‌లో చేసిందీ అదే కదా.

2023 జూలైలో మళ్ళీ తిరుగుబాటు జరిగి, ఆగస్టులో నైజర్ ఆకాశం మూసేశారు. మా మనవడి ఫోన్లో విమానాల మ్యాప్ పెట్టించుకుని చూశాను. చుట్టూ పసుపు రంగు విమానాలు, మధ్యలో నైజర్ ఆకారంలో ఖాళీ. 126.9 మీద ఒక్క గొంతూ లేదన్నమాట. ఆ ఖాళీలోనే తెనెరె ఎడారిలో, 1989లో బాంబు పేలి కూలిపోయిన ఫ్రెంచ్ సంస్థ యూటీఏ విమానం స్మారకం ఉంటుంది. చనిపోయిన 170 మందికి 170 పగిలిన అద్దాలు, నల్లరాళ్ళ వృత్తం, నిలబెట్టిన విమానం రెక్క. మేము వెళ్ళేనాటికి ఆ విమానం కూలి ఏడాది కూడా కాలేదు. తోటి మేష్టర్లు ఆ రాత్రి గురించి చెప్తూ మధ్యలో ఆగిపోయేవారు. నెల తర్వాత ఆకాశం తెరిచారు. మనవడే వచ్చి చెప్పాడు, "తాతా, నీ ఊరి మీద విమానాలు వెళ్తున్నాయి" అని.

* * *

మేము 1993లోనే తిరిగి వచ్చేశాం. ఆఖరి రోజు ల్యాబ్ లాగ్‌బుక్‌లో పనిచేస్తున్న సెట్లు, పనిచేయని సెట్లు అన్నీ రాశాను. రెండు ట్రాన్స్‌మీటర్లు బాగుచేయకుండానే వదిలేశాను, విడిభాగాలు రాలేదు. ఆ మాట కూడా రాసి, సంతకం పెట్టి, నా కుర్చీలోకి వచ్చే కామెరూన్ కుర్రాడికి పెన్ను ఇచ్చాను.

గార్డియన్ ముసలాయన మా ఆవిడ చేతిలో ఒక సంచి పెట్టాడు. ఎండబెట్టిన ఎర్ర రేకులు, రెండు కేజీలు ఉంటాయి. బొంబాయిలో కస్టమ్స్ ఆయన సంచి విప్పి, గుప్పెడు తీసి వాసన చూసి, ఇదేంటమ్మా అని హిందీలో అడిగాడు.

"గోంగూర" అంది మా ఆవిడ, తెలుగులోనే.